గీతలన్నీ కలిసే చోట

అంగీ విప్పి తగిలించుకుందామంటే గోడకు మేకు ఖాళీ లేదు. ఉన్న ఒక్క మేకుకూ మరదలు నీలమ్మ చార్టు వేలాడదీసింది. యూనివర్సిటీలో లా పరిశోధన చేస్తున్న పిల్ల కదా అని బస్వరాజ్ ఆఫీసు అంగీతోనే కూర్చున్నాడు.

"నారాయణఖేడ్ కోర్టుల పడ్డ ప్లాట్ల కేసులు బావా. మనిషికో చుక్క. ఒకే కేసుల ఉన్నోళ్ల నడుమ గీత."

"అన్ని గీతలు పోయిన చుక్క ఎవరిది, జడ్జి సాబ్‌దా?"

"చాయ్ హోటల్ శంకరప్పది. రిజిస్ట్రీ ఆఫీసు ముంగట్నే ఉంటడు, ఎవరడిగినా సాక్షి సంతకం పెడ్తడు. రియల్ ఎస్టేట్ మాణిక్‌రావు అమ్మిన ప్లాట్లన్నిటికీ ఆయనే సాక్షి. ఆ మాణిక్‌రావు ఒక్కో ప్లాటు ఇద్దరికి అమ్మిండు."

బస్వరాజ్ నవ్వు ఆగిపోయింది. బస్ డిపో వెనక ప్లాటు అతను మాణిక్‌రావు దగ్గరే కొన్నాడు. చుట్టాలను సాక్షికి పిలిస్తే దిష్టి తగులుతుందని, భార్యకు చెబితే చుట్టాలందరికీ చెబుతుందని, ఎవరికీ చెప్పకుండా శంకరప్పతో సంతకం పెట్టించాడు.

"ఇగ కేసు పడనిది మొన్న అమ్మిన డిపో ఎన్క ప్లాటొక్కటే. గీ గీతల లెక్క చూస్తే దానికీ కేసు పడుడు ఖాయం. కొన్నోని పేరే దొరుకుతలేదు, పాపం."

"ఇంతమంది మునిగినంక కొన్నడా?" భార్య రుక్కమ్మ చాయ్ అందిస్తూ నవ్వింది. "వాని పెండ్లానికి దండం పెట్టాలె."

బయట సైకిల్ ఆగింది. "బస్వరాజ్ ఇల్లు గిదేనా? కోర్టు సమన్లు తెచ్చిన."

రుక్కమ్మ తలుపు వైపు నడిచింది.

చదువుతున్న మీలో పెళ్లయినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆమె గడియ తీసేలోగా బస్వరాజ్ ఏం చెప్పాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.