రెండు చుట్ల ముడి

“ముందు తిను అల్లుడూ. తర్వాత మాట్లాడుకుందాం,” అన్నాడు ఎల్వుడ్.

వెస్లీ తన ముందున్న కాగితం పళ్లెంలోకి చూశాడు. వెన్నలో రెండు వైపులా ఎర్రగా కాల్చిన బన్ను. దాని నిండా చల్లటి లాబ్‌స్టర్ మాంసం, పెద్ద గోళ్లుండే సముద్రపు రొయ్యది. దీన్నే ఇక్కడ రోల్ అంటారు. నాలుగేళ్లుగా సముద్రంలోంచి బోనులు లాగి లాబ్‌స్టర్లు పడుతున్నాడు కానీ, రేవులోని ఈ చెక్క షాపులో కూర్చుని ఒక్క రోల్ తిన్నవాడు కాదు. పట్టేవాళ్లు ఇక్కడ కొనుక్కుని తినరు. ఎవరైనా పిలిచి పెడితే తప్ప.

ఎల్వుడ్ ఎవరినీ ఊరికే పిలవడు. కిందటేడు క్లిఫర్డ్‌ని పిలిచి ఇదే బల్ల దగ్గర రోల్ తినిపించాడు. ఆ వారంలోనే క్లిఫర్డ్ పడవ అమ్ముకుని ఊరు విడిచిపోయాడు.

కౌంటర్ వెనక వెస్లీ భార్య లోర్నా ఎడం చేత్తో బన్నులకు వెన్న రాస్తోంది. ఇటు చూడటం లేదు. ఎల్వుడ్ ఆమెకు సొంత చిన్నాన్న, ఈ రేవులో అందరూ మాట వినే పెద్ద. బయట పొగమంచు రేవును కమ్మేస్తోంది.

వెస్లీ జేబులో చేయి పెట్టి చూసుకున్నాడు. కత్తి ఉంది.

ఈ రేవులో ఎవరి బోనులకు వాళ్ల రంగు బెండు ఉంటుంది. నీళ్ల మీద తేలే బెండును బట్టే అడుగున ఉన్న బోను ఎవరిదో తెలిసేది. ఒకడు ఇక్కడ ఉండటం మిగతావాళ్లకు ఇష్టం లేకపోతే వచ్చి తగాదా పడరు. అతని బెండుకు గుచ్చిన కర్రకు తాడు రెండు చుట్లు తిప్పి, ముడి వేసి పోతారు. అర్థం చేసుకుని వెళ్లిపోతే సరే. లేదంటే తర్వాత వచ్చేది కత్తి. తాడు తెగిన బోను ఇక ఎప్పటికీ పైకి రాదు.

ఈ నెలలో వెస్లీ బెండ్లకు మూడోసారి ముడి పడింది. బోనులు పోతే అతనికి ఈ ఊళ్లో మిగిలేది ఏమీ లేదు.

ముడి కనిపించిన ప్రతిసారీ లోర్నాది ఒకటే మాట. “వదిలేద్దాం వెస్లీ. మీ నాన్న దుంపల పొలానికే పోదాం. ఈ చలికాలం నువ్వు సముద్రం మీదికి వెళ్లొద్దు.”

షాపు గోడకు లోర్నా తండ్రి బెండు వేలాడుతోంది. ఆకుపచ్చ మీద తెల్ల పట్టీ. ఆయన పడవతో పాటు సముద్రంలోకి వెళ్లినవాటిలో తిరిగొచ్చింది అదొక్కటే.

ముడి ఎవరు వేశారో ఎల్వుడ్ ఒప్పుకోకపోతే, ఈ సాయంత్రమే అతని బోనుల తాళ్లన్నీ కోసేయాలని వెస్లీ నిశ్చయించుకునే వచ్చాడు. ఒకసారి తాళ్లు తెగడం మొదలైతే ఆ తర్వాత బయటికి వచ్చేవి తుపాకులని కూడా అతనికి తెలుసు.

రోల్ కొరికాడు. బన్ను వెచ్చగా, మాంసం చల్లగా, తియ్యగా తగిలింది. ఇంత బాగుంటుందనుకోలేదు.

“ఎలా ఉంది? మీ దుంపలకన్నా నయమేనా?” పక్క బల్ల దగ్గర్నుంచి మరో పడవవాడు హైరం అడిగాడు.

“నువ్వుండరా,” అన్నాడు ఎల్వుడ్.

వెస్లీ రోల్ కింద పెట్టాడు. “ముడి ఎవరు వేశారు మామా?”

“అది నిన్నడుగుదామనే పిలిచాను. నేను వేయలేదు. ప్రతివాణ్ణీ నిలబెట్టి అడిగాను. ఎవరూ వేయలేదంటున్నారు.”

“అయితే చేపలు వేశాయా?”

“అంత బాగా వేస్తే వాటికి కూలిచ్చి పెట్టుకుంటాను,” అన్నాడు హైరం.

వెస్లీ కాళ్ల దగ్గరున్న సంచిలోంచి తన బెండు తీసి బల్ల మీద పెట్టాడు. “ముడి విప్పకుండా తెచ్చాను. చూసి మీరే చెప్పండి.”

కౌంటర్ వెనక గరిటె కిందపడిన చప్పుడైంది.

ఎల్వుడ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. చుట్లు అందరూ తిప్పే వైపుకు ఎదురుగా తిరిగి ఉన్నాయి. తాడు కొస లోపలికి దోపి ఉంది. పెద్దాయన ఆ కొసను బొటనవేలితో చాలాసేపు తడిమాడు. గోడ మీది తన అన్న బెండును చూశాడు. కళ్లజోడు తీసేశాడు.

“ఎవరు?” అన్నాడు వెస్లీ.

“కోపంతో వేసిన ముడి కాదిది.”

“ఎవరని అడిగాను.”

“నీ తాళ్లు ఎవరూ కోయరు. మాటిస్తున్నాను. ఇంతకుమించి నన్నడక్కు. ఇంటికెళ్లు అల్లుడూ.”

తనవాళ్లను కాపాడుకుంటున్నాడన్నమాట, అనుకున్నాడు వెస్లీ. బెండును సంచిలో వేసుకుని లేచాడు.

గుమ్మం దగ్గర లోర్నా ఒక పొట్లం అతని చేతిలో పెట్టింది. “సగం కూడా తినలేదు. ఇంకోటి కట్టాను. తిన్నగా ఇంటికే వెళ్లు.”

“నువ్వు రావా?”

“రేపటికి లాబ్‌స్టర్లు తేవాలి. నాన్న చిన్న పడవేసుకుని, నీళ్లలో వాటిని నిలవుంచే తొట్టి దాకా వెళ్లొస్తాను.”

“ఈ మంచులోనా?”

“రోజూ వెళ్లేదేగా. ఇక్కడి బెండ్లన్నీ కళ్లు మూసుకుని చెప్పగలను నేను.”

వెస్లీ ఇంటికి వెళ్లలేదు. తన పడవ ఎక్కి ఇంజన్ వేశాడు. మంచులో ఎల్వుడ్ పసుపు బెండ్లు ఒకటొకటిగా కనిపించసాగాయి. మొదటిదాని పక్కన ఇంజన్ ఆపాడు. చేతులు చల్లబడిపోయాయి. పొద్దుట్నుంచీ సరిగా తిననే లేదు. ఖాళీ కడుపుతో చేసే పని కాదనుకుని, పొట్లం ఒళ్లో పెట్టుకుని, దారం కోయడానికి కత్తి తెరిచాడు.

కాగితం మీద దారం రెండు చుట్లూ అందరూ తిప్పే వైపుకు ఎదురుగా తిరిగి ఉన్నాయి, కొస లోపలికి దోపి ఉంది.