వల్లి చదివిన పుస్తకం

“ఒక్క అక్షరం కూడా రాదు దీనికి,” అన్నాడు హెడ్మాస్టరు పరంధామయ్య, నాలుగో తరగతి వాచకం మూసేస్తూ. “ఒకటో తరగతిలో చేర్చుకుంటాను. అంతకు మించి నన్నడగొద్దు.”

పొన్నమ్మ చేపల గంప బడి గేటు బయట దింపి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, మనవరాలిని వెంటబెట్టుకుని ఎంత సంబరంగా వచ్చిందని. రాయపురంలో వాళ్ళ సందు సందంతా ఎనిమిదేళ్ళ వల్లి చదువు గురించే చెప్పుకుంటుంది. అలాంటి పిల్ల ఇప్పుడు ఆ వాచకం వంక బెల్లం కొట్టిన రాయిలా చూస్తూ నిలబడింది.

పైగా ఆ పిల్లకు పంతమొకటి. “నాలుగైతే వస్తా. పాలపళ్ళు ఊడని పిల్లకాయల పక్కన కూచోమంటే చేపలెండేసేదానికే పోతా,” అని పొద్దున్నే తేల్చి చెప్పేసింది. అన్నంత పనీ చేసే రకం. నాలుగో తరగతి లేకుండా ఈ గది దాటితే వల్లి చదువు ఇవాళ్టితో సరి.

“అయ్యా, ఇది బడి మొహం చూళ్ళేదు, నిజమే,” అంది పొన్నమ్మ. “పక్కింటి ఆరోగ్యమేరి పిల్లకాయలు చదువుకుంటా ఉంటే వాళ్ళకాడ కూచుని నేర్చుకునింది. దీపాలు పెట్టే యేళకి నాకు కథలు చదివేది ఇదే. ఎట్టా రాకుండా పోతాది?”

“చదువుతుందో, కల్పించి చెప్తుందో నీకేం తెలుసు? నీకు చదువొచ్చా?”

“నాకు రాదు సామీ. దీనికొస్తాది.”

పరంధామయ్యకు నవ్వొచ్చింది. “ఆంధ్ర వేరుపడినప్పట్నించీ ఇక్కడ తెలుగు బడికొచ్చే పిల్లలే తగ్గిపోయారు. మీ ఇంట్లో తెలుగు మిగిలిందా, అదీ పోయిందా?”

“వీధిలో ఏ బాసైనా మాట్లాడుకోనీ సామీ. గడప లోపలికొచ్చినాక తెలుగు తప్ప ఇంకోటి పలికితే కూడు పెట్టను.”

అంటూనే సంచిలోంచి అట్ట ఊడిపోయిన కథల పుస్తకం ఒకటి తీసింది. సౌకార్‌పేట పాత పేపర్ల కొట్లో నిన్ననే కొన్నది. ఆమె లెక్కలో తెల్ల కాగితం మీద నల్లగా ఉన్నదంతా చదువే. “దా పాపా, దీన్ని చదువు. భయపడబాక.”

పుస్తకం చేతిలో పడేసరికి వల్లికి ప్రాణం లేచొచ్చింది. ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని అందుకుంది. చెట్టిగారింట్లో హారం పోయింది. పనిమనిషి మీద నేరం మోపారు. ఇల్లంతా గోలగోలగా ఉంటే చెట్టిగారి తల్లి మాత్రం పూజగదిలో కూర్చుని గంట కొడుతూనే ఉంది. కథ గలగలా సాగుతోంది. ఒక్కోచోట వల్లి ఆగి, పెదవులు కదిపి, మళ్ళీ పరుగందుకుంటోంది.

పరంధామయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. “ఎవరో గాని, అచ్చం మన ఇళ్ళల్లో మాట్లాడుకున్నట్టే రాశాడే. ఆగు పాపా. ఆ ముసలమ్మ గంట ఎందుకు కొడుతోంది?”

“హారం తీసింది కొడుకేనని ఆమెకి తెలుసు సార్. నోరు తెరిస్తే కొడుకు పోతాడు, తెరవకుంటే పనిమనిషి పోతాది. ఎవురూ తనని అడక్కుండా గంట కొడతా ఉండాది.”

“అట్లా రాసుందా అందులో?”

“రాయలా. హారతిచ్చేసినాక కూడా కొడతానే ఉండాదని రాసుండాది. హారతైపోతే ఇంక గంటెందుకు సార్?”

హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. “ఎస్సెల్సీ పిల్లలు చెప్పరే ఈ మాట!”

పొన్నమ్మ ఉబ్బి తబ్బిబ్బయింది. కానీ మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? అనుమానం ముందు పుట్టి, ఆయన తర్వాత పుట్టాడు.

“నా వాచకంలో అక్షరం గుర్తుపట్టనిది దీన్ని మాత్రం ఎట్లా చదువుతుంది? కంఠస్థం పట్టించి తెచ్చావేమో. ఇటివ్వు. పేజీ నేను తీస్తాను.”

పుస్తకం అందుకుని మధ్యకు విప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. మరొకటి తిప్పాడు. కళ్ళజోడు తీసి, పంచె కొసతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఇన్నాళ్ళూ ఇది కల్పించే చెప్పిందా, నలుగురిలో నా కొంప ముంచిందా అని పొన్నమ్మకు మొదటిసారి భయం పట్టుకుంది.

“ఇక్కణ్ణించి చదువు,” అని పరంధామయ్య ఒకచోట వేలు పెట్టాడు.

వల్లి ఒక్క క్షణం చూసి మొదలుపెట్టింది. ఆయన వేలు వరస వెంట వరస కదులుతోంది. పేజీ అయిపోయేసరికి మనిషి కుర్చీలో కూలబడ్డాడు.

“నాలుగో తరగతే,” అన్నాడు. పండక్కి కొత్త చొక్కా దొరికిన పిల్లాడిలా ఆయన మొహం వెలిగిపోతోంది. “రేపే పంపించు. అక్షరాలు నేనే దగ్గర కూర్చుని నేర్పిస్తాను.”

పొన్నమ్మకు సంతోషం ఒకపక్క, ఒళ్ళుమంట ఒకపక్క. “ఇంకా అక్షరాలేంది సామీ? మీ కళ్ళ ముందరే చదివింది గదా.”

“చదివిందమ్మా. ఒక్క మాట పొల్లుపోకుండా తెలుగులో చదివింది,” అన్నాడు పరంధామయ్య, పుస్తకం ఆమె చేతిలో పెడుతూ. “పుస్తకమే, అరవంలో ఉంది.”