తప్పు రంగు

“ఏంది జానీ ఇది? నేను బూడిద రంగు చెప్తే ఆకుపచ్చ నింపావేంది?” బాత్రూం గుమ్మంలో నిలబడి ఇంటావిడ హైమావతి గట్టిగా అడిగింది.

టైల్స్ సందుల్లో రంగు కలిపిన ఎపాక్సీ జిగురు నింపుతున్న జానీ చేయి ఆగిపోయింది. అప్పుడే నీళ్ల బకెట్టుతో పైకొచ్చిన అతని భార్య కుల్సుం, “నేనే తప్పు రంగు కలిపిచ్చానక్కా. గట్టిపడకముందే తుడిచేస్తాం,” అంది.

హైమావతి విసుక్కుంటూ వెళ్లిపోయింది.

“రంగు కలిపింది నేను గదే. నువ్వు కింద నీళ్లు పడుతున్నావు,” అన్నాడు జానీ మెల్లగా.

కుల్సుం పక్కన కూర్చుని తడిగుడ్డతో సందులు తుడవసాగింది.

“మాచర్ల పనిలో కూడా నేను తప్పు రంగు నింపితే నువ్వే సరిచేశావా?” అడిగాడు జానీ.

“ఊ.”

తన చూపు తగ్గుతున్న సంగతి ఆమెకు తెలియదనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

“నీకెప్పుడు తెలిసింది?”

“రంజాన్‌కి నేను ఎర్రచీర కట్టుకుంటే, నల్లచీర చానా బాగుందన్నావు. అప్పుడు.”

“నవ్వావు గదే!”

“మరి నీ ముందర ఏడవమంటావా? నాకు చెప్పకుండా గుంటూరు పోయొచ్చావు గదా, డాక్టరేమన్నాడు?”

జానీ చేతిలోని పనిముట్టు కింద పెట్టాడు.

“పోయిన చూపు రాదంట. ఉన్నది కూడా నిలవదంట.”

“సరేలే. ముందు ఇది తుడవనీ,” అంది కుల్సుం. గొంతు మామూలుగానే ఉంది.

తానూ తుడుద్దామని గుడ్డ కోసం చేయి చాపాడు. చేయి ఆమె చెంపకు తగిలింది. చెంపంతా కన్నీళ్లు. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో, పక్కనే కూర్చున్న అతనికి తెలియలేదు.