కార్డులో లేని గడి

"బుధవారం రమ్మంటే సోమవారమే దిగినారేందప్పా?"

డాక్టర్ శ్యాంసుందర్ గొంతు గది బయటికి వినపడింది. జయరాజు స్టూలు మీద కూర్చుని కట్టు కట్టిన కాలు చాపాడు. పది రోజుల కింద ఇక్కడే, నంద్యాల ఆసుపత్రిలోనే, షుగర్ పుండుకు ఆపరేషన్ చేసి చిటికెనవేలు తీసేశారు. వెనక అతని భార్య హన్నమ్మ నిలబడి ఉంది. ఆళ్లగడ్డలో బస్సెక్కినప్పటి నుంచీ కుంటే మొగుడి భుజం వదల్లేదు.

"నేను రానంటి సార్," అన్నాడు జయరాజు. "నొప్పి లేదు, జొరం లేదు. ఈయమ్మ ఇంటేనా? పొద్దున్నించీ ఒకటే పోరు."

"కట్టు ఎవరు మారుస్తాండారు?"

"నేనే సార్," అంది హన్నమ్మ.

"ఇంటికి పోయేటప్పుడు కార్డు ఇచ్చినాం. తెచ్చినావా?"

ఆమె సంచిలో చెయ్యి పెట్టి తడిమి తీసింది. కవరులో పెట్టింది పెట్టినట్టే ఉంది. మరక లేదు, మడత లేదు.

డాక్టర్ ముఖం చిన్నబోయింది. ఆ కార్డు ఆయన సొంతంగా తయారుచేసింది. ఇంట్లో కట్లు మార్చుకునేవాళ్ల కోసం మూడు గడులు, మూడు రంగులు. పుండు గులాబీ రంగులో ఉంటే మంచిది. పసుపు అయితే ఫోన్ చేయాలి. నలుపు అయితే వెంటనే రావాలి. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని రాత్రులు కూర్చుని గీశాడు. వచ్చే వారం కర్నూలులో డాక్టర్ల మీటింగులో చూపించబోతున్నాడు.

"ఒక్కసారన్నా బయటికి తీసినావా దీన్ని? చదువు రాదా నీకు?"

"సమాధిరాళ్ల మీదివి చదువుతా సార్."

సిస్టర్ వినీత నవ్వు ఆపుకుంది.

"ఇది బొమ్మల కార్డు తల్లీ, చదివే పని లేదు. పుండు ఏ గడిలో ఉందో చెప్పు చాలు."

"గడుల సంగతి ఈయప్పనడుగు సార్. మొదటి గడేనంటాడు."

"మొదటి గడే సార్," అన్నాడు జయరాజు. "దినామూ నేనే కవరు మీదనుంచే సరిచూస్తా."

"మరి బాగుంటే ఎందుకొచ్చినారు?"

"ఎచ్చగుంది సార్," అంది హన్నమ్మ. "నిన్నటి వాసన కాదు. కుట్ల పక్కన గట్టు లేచింది. దారమంత. నిన్న లేదు."

డాక్టర్ కట్టు విప్పాడు. అంచులు కలిశాయి. రంగు గులాబీయే. కార్డు తెచ్చి కాలి పక్కన పెట్టాడు.

"ఇదో, మొదటి గడి. నువ్వే చూడు."

ఆమె అటు తల కూడా తిప్పలేదు. డాక్టర్‌కు ఒళ్లు మండింది.

"పదిహేనేండ్లుగా ఆపరేషన్లు చేస్తాండా. నాకు దొరకంది నీకు దొరికిందా?"

"పోదాం పామ్మే," అన్నాడు జయరాజు లేవబోతూ. హన్నమ్మ అతని భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"సార్, కోపం చేసుకోవద్దు. చెయ్యి కడుక్కుని, వెనకపక్క ఆనించి చూడు. అరచెయ్యి కాదు. ముందు మంచి కాలి మీద. తర్వాత దీని మీద, కుట్లకు రెండు వేళ్ల దూరంలో."

డాక్టర్ గ్లౌజులు తీసి చేతులు కడుక్కున్నాడు. మంచి కాలి మీద చెయ్యి ఆనించాడు. తర్వాత రెండో కాలి మీద. మళ్లీ మంచి కాలి మీద. మళ్లీ దీని మీద.

"సిస్టర్, కత్తెర," అన్నాడు మెల్లగా.

మళ్లీ గ్లౌజులు వేసుకుని, ఒక్క కుట్టు కత్తిరించి పక్కన నొక్కాడు. లోపలి నుంచి చిక్కటి చీము వచ్చింది. వినీత నవ్వు పోయింది.

"నొప్పే లేదు గదా సార్!" అన్నాడు జయరాజు.

"షుగర్ నీ కాలికి స్పర్శ లేకుండా చేసిందప్పా. నొప్పి ఎట్లా తెలుస్తుంది? బుధవారం దాకా ఆగింటే పాదం తీయాల్సి వచ్చేది."

జయరాజు తన కాలి వైపు చూసుకున్నాడు. తర్వాత భుజం మీద ఉన్న భార్య చెయ్యి మీద తన చెయ్యి వేశాడు.

శుభ్రం చేసి, ఇంజెక్షన్ ఇచ్చి, నాలుగు దినాలు ఇక్కడే ఉండమన్నాడు డాక్టర్. పాదానికి భయం లేదన్నాడు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"యాడ నేర్చుకున్నావమ్మా ఇది?"

జయరాజే అందుకున్నాడు.

"నేను సిలువలూ సమాధిరాళ్లూ చెక్కుతా సార్. ఉలి పనే నాది. నునుపు పట్టేది ఈయమ్మ. అరచేత్తో నిమిరి, ఈడ ఎత్తుంది, ఈడ అక్షరం లోతు చాల్లేదు అంటాది. నేనెంత బాగుందన్నా ఒప్పుకోదు. ముప్పయ్యేండ్లాయ, ఒక్కసారీ గెలవలా నేను."

డాక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు. కార్డు కింద ఖాళీలో రాసుకున్నాడు. వేడి. వాసన. గట్టు.

"కార్డు మళ్లీ అచ్చు వేయిస్తా. ఇంకో గడి పెడతా. కర్నూలుకు తీసుకుపోయే ముందు మీ ఆమెకు చూపిస్తా. ఆమె సరే అన్నాకే ఎవరికైనా."

జయరాజు స్టూలు మీదే నిటారుగా కూర్చున్నాడు.

"అట్లయితే అక్షరాలు చెక్కించి తీసుకురా సార్, తడిమి చదివి తప్పులు చెప్తాది. ఈయమ్మకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు."