కార్పెట్ కింద

కారు ఎర్రగా, బుల్లిగా, ముద్దుగా ఉంది. దాన్ని చూడగానే మేస్త్రీ ఒకడుగు వెనక్కి వేశాడు.

"బాగుంది కదా నాన్నా?" అంది కూతురు.

"ఊఁ" అన్నాడు.

చూడటానికి బుడ్డ కారే. ఇంజను మాత్రం పెద్ద బళ్ళకు పెట్టేది. కాలు ఆనిస్తే చాలు, గాల్లో తేలిపోతుందని అల్లుడు వారం రోజులుగా ఒకటే పాట. కొత్తది కొనే తాహతు లేదు. ఇదేమో ఒకసారి దెబ్బ తిన్న బండి కాబట్టి సగం ధరకే వస్తోంది. అమ్మే ఆసామి ఆ సంగతి దాచలేదు కూడా. ముందు బంపరు, ఒక లైటు మార్చారని, అంతకు మించి ఏమీ లేదని కాగితం తీసి చూపించాడు.

దెబ్బ అన్న మాట చెవిన పడ్డ దగ్గర్నుంచీ మేస్త్రీకి తిండి సయించడం లేదు.

ఇంట్లోవాళ్ళకు ఇది కొత్త కాదు. ముప్పై ఏళ్ళు కార్ల సొట్టలు తీసి బతికిన మనిషి. ఏడేళ్ళ కిందట పక్క షెడ్డులో ఎవరో పేపర్లో కారు ప్రమాదం వార్త పైకి చదువుతుంటే విని, ఆ సాయంత్రమే తన షెడ్డుకు తాళం వేసి ఇంటికొచ్చేశాడు. ఏమైందని అడిగితే నడుం నొప్పి అన్నాడు. అప్పట్నుంచీ అన్నిటికీ భయమే. గ్యాసు కట్టేశారో లేదో మూడుసార్లు చూస్తాడు. కారెక్కితే దిగేదాకా పైన పిడి వదలడు. భయాల మేస్త్రీ అని కూతురే పేరు పెట్టింది.

అలా ఆటపట్టించినా, నాన్న చెయ్యి పెట్టి చూడనిదే ఆమె ఏ వస్తువూ కొనదు. కాగితాలన్నీ పెట్టుకుని చంకలో పట్టుకొచ్చిన రేకు పెట్టె కూడా ఆయన చేసిందే. ఆమెను బడిలో చేర్చిన రోజు, మిగిలిపోయిన బానెట్ ముక్కతో చేసి, అడుగున పంచ్‌తో మూడు చుక్కలు కొట్టి ఇచ్చాడు. ఇవేంటని అడిగితే "నాన్న, అమ్మ, నువ్వు" అన్నాడు. ఆ పెట్టెను ఆమె ఇవాళ్టికీ వదల్లేదు.

మేస్త్రీ ముందు రంగు మీద పడ్డాడు. ఎరుపు తొందరగా వెలిసిపోతుందన్నాడు. అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. తర్వాత టైర్లు అరిగాయన్నాడు. మార్చి ఇస్తానన్నాడు ఆసామి. ఇంజను చప్పుడు తేడాగా ఉందేమో అన్నాడు మేస్త్రీ. తాళం తిప్పితే అది కొత్త కుట్టుమిషనులా ఆడింది.

చివరికి ఆసామే జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడు. సొట్టను లప్పంతో పూడ్చి రంగేస్తే అక్కడ అయస్కాంతం అంటుకోదు. ఆ కిటుకు మేస్త్రీకి ఒకరు చెప్పాలా? తలుపులు, కప్పు, వెనక భాగం అన్నీ చూశాడు. ఎక్కడ పెట్టినా టక్కున అంటుకుంది. వేలితో కొడితే అంతటా ఒకటే మోత.

అల్లుడి మొహం వెలిగిపోయింది. మేస్త్రీ మొహం పాలిపోయింది.

"మరీ ఇంత శుభ్రంగానా" అని గొణుక్కున్నాడు.

వంగి, ముందు సీటు దగ్గర కార్పెట్ అంచు లేపి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. వేళ్ళు తడుముకుంటూ వెళ్ళి ఒకచోట ఆగిపోయాయి. ఆ చెయ్యి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు. ఇది మనకొద్దమ్మా. పోదాం పద."

"ఎందుకొద్దో చెప్పండి మామయ్యా" అన్నాడు అల్లుడు విసుగ్గా. "మీ భయాలు వింటూ కూర్చుంటే మేం సైకిలు కూడా కొనలేం."

ఆసామి సంతకానికి కాగితం, పెన్ను అందించాడు. అల్లుడు కాగితాన్ని బానెట్ మీద పరిచాడు. ఆదివారం తమ పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి హైవే ఎక్కిస్తానని, ఈ బుడ్డది నూట యాభైలో ఎలా పోతుందో అందరికీ చూపిస్తానని భార్యతో అంటున్నాడు.

వెనక సీటు అన్న మాటకు, వెళ్ళబోతున్న మేస్త్రీ ఆగిపోయాడు. నోరు విప్పితే ఏమవుతుందో, విప్పకపోతే ఏమవుతుందో రెండూ కళ్ళకు కట్టాయి. ఏది ఎక్కువ భయమో తేల్చుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ కారుకే ఆనుకుని నిలబడ్డాడు.

"ఇది ఒక కారు కాదు బాబూ, రెండు. ముందు సగం ఒకదానిది, వెనక సగం ఇంకోదానిది. కోసి అతికించారు. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ ఏం కాదు. స్పీడులో ఒక్క గుంత గట్టిగా తగిలితే విడిపోతుంది. వెనక కూర్చున్నవాళ్ళు వెనకే ఉండిపోతారు."

ఆసామి తెల్లబోయాడు. తన దగ్గరికి వచ్చేసరికే బండి నాలుగు చేతులు మారిందని, తనకు ఇలాంటిదేమీ తెలియదని ఒట్టేశాడు. అబద్ధం ఆడుతున్నట్టు లేడు.

అల్లుడు మాత్రం పెన్ను మూత తీశాడు.

"అయస్కాంతానికి దొరకలేదు, కంటికి కనబడటం లేదు. మీకొక్కరికే ఎలా తెలిసింది మామయ్యా?"

మేస్త్రీ కూతురి మొహం చూడకుండానే, "ఆ కార్పెట్ ఎత్తి నువ్వే చూడమ్మా" అన్నాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, కార్పెట్ లాగి, ఫోను లైటు వేసింది.

చేత్తో తడిమినా తెలియనంత నున్నగా అరగదీసిన అతుకు చివర, ఇనుములో లోతుగా, మూడు చుక్కలున్నాయి: నాన్న, అమ్మ, తను.