పన్నెండు పాళ్లకు ఒక పాలు

“పదహారు పాళ్లకి ఒక పాలు బాబూ. దొర సెప్పిన లెక్క అదే,” అన్నాడు ఆసుపత్రి నౌకరు తోమా, నూనె గ్లాసు ఎత్తి పట్టుకుని.

“దొర బల్లపరుపు నేల మీద చెప్పాడు. కొండెక్కే ఘాటీకి అది చాలదు. పన్నెండుకి ఒకటి పొయ్యి,” అన్నాడు యెహోషువ డాక్టరు.

జర్మనీ యుద్ధం అయ్యాక తెల్లదొర మిషను ఆసుపత్రికి వదిలి వెళ్లిన మోటారు సైకిలు అది. దానికి నూనె వేరే పొయ్యరు. పెట్రోలులోనే కలపాలి.

గుమ్మం దగ్గర సోంబరు నిలబడలేకపోతున్నాడు, కూర్చోలేకపోతున్నాడు. పొద్దున్నే కొండ దిగి వచ్చాడు.

“ఏటి బాబూ సేత్తన్నారు? బేగి రండి. పొద్దుగూకేలోగా సోములమ్మకాడికి ఎల్లాల.”

“నీ పెళ్లానికి మళ్లీ జ్వరమేనా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా క్వినైను సంచీలో వేసుకున్నాడు డాక్టరు. “తోమా, పోశావా?”

“నూనె ఎక్కువైతే ఒకటే పొగ బాబూ. ప్లగ్గు మసి పట్టేత్తాది.”

“మసి అయితే తుడుచుకోవచ్చు. నూనె తక్కువై పిస్టను బిగుసుకుని పట్టేస్తే ఏం చేస్తాం?”

“పోయినేడూ ఇలాగే లెక్కలు సూసినారు,” అన్నాడు సోంబరు. “దారి సూత్తా కూకున్నాం. మీరు రానేదు.”

“మూడో మలుపులో బండి ఆగిపోయిందయ్యా. వెనక్కి తోసుకొచ్చాను. నేనేం చెయ్యను?”

“నడిసి రావొచ్చు. మేం నడవడం నేదా?”

తోమా నవ్వాడు. “బాబు నడిస్తే సగం దూరం నువ్వే మొయ్యాల్రా.”

సోంబరు నవ్వలేదు. “మీరొస్తే గానీ దానికి నెమ్మది నేదు బాబూ.”

డాక్టరు గ్లాసు తనే లాక్కుని నూనె పోశాడు. పెట్రోలు డబ్బా మూత బిగించి బాగా కుదిపాడు. కలవకపోతే నూనె అడుక్కి దిగిపోతుంది. మళ్లీ కుదిపాడు. సోంబరు సూర్యుణ్ని చూశాడు.

బండి నీలం పొగ కక్కుతూ ఘాటీ ఎక్కింది. వెనక సోంబరు రెండు చేతులా డాక్టరు నడుము పట్టుకున్నాడు. రెండో మలుపు దాటాక ఇంజను దగ్గి ఆగింది. తోమా చెప్పినట్టే ప్లగ్గు నల్లగా ఉంది. డాక్టరు దిగి తుడిచాడు.

“పొద్దు వాలిపోనాది బాబూ!”

“ఓపిక పట్టవయ్యా. చెయ్యి కాలుతోంది.”

ఈసారి మూడో మలుపు దాటింది. ఆ పైది కూడా దాటింది. ఇంజను పట్టెయ్యలేదు.

“చూశావా, పాలు కుదిరింది!” అని అరిచాడు డాక్టరు. అతడు అంత సంతోషంగా ఉండడం సోంబరు ఎప్పుడూ చూడలేదు.

ఊరు చేరేసరికి కొండ మీద ఇంకా కాస్త ఎండ ఉంది. డాక్టరు సంచీ పట్టుకుని గబగబా మొదటి గుడిసె వైపు నడిచాడు. సోంబరు అతడి మోచెయ్యి పట్టుకుని ఇళ్లు దాటించాడు. సామ చేను గట్టు దగ్గర ఊరంతా నిలబడి ఉంది. మధ్యలో మనిషంత పొడుగు రాయి పడుకోబెట్టి ఉంది. దానికి పసుపు పూసి తాళ్లు కట్టారు.

“రోగి ఏదయ్యా?” అన్నాడు డాక్టరు.

సోంబరు తాడు కొస అతడి చేతిలో పెట్టాడు.

“సోములమ్మ పేరున ఈ రాయి నిలబెట్టాల బాబూ. అది పోయి నేటికి ఏడాది.”