సాలెపురుగు సంబంధం

"ఇంకొంచెం దగ్గరికి పోండి. కాళ్లు గూడ కనబడాలె గదా" అన్నాడు నరేష్, తాను మాత్రం రెండడుగులు వెనక్కి వేసి.

హర్షిణికి ఏడుపొక్కటే తక్కువ. సీతాఫలం చెట్ల మధ్య గూడు కట్టుకుని, దాని నడుమ పసుపు చారల సాలెపురుగు తలకిందులుగా వేలాడుతోంది. ఇంట్లో గోడమీద గోరంత సాలెపురుగు కనబడితేనే మంచమెక్కి అరిచే పిల్ల. ఇప్పుడు అరచేయంత దాని ముందు అతను తెచ్చిన కెమెరా పట్టుకుని నవ్వుముఖం పెట్టాల్సి వచ్చింది.

తప్పదు మరి. పాశమైలారం మందుల కంపెనీలో కెమిస్టుగా చేసే ఈ నరేష్ ఆమెకు పెళ్లిచూపుల్లోనే నచ్చేశాడు. "పిల్లగానికి సాలెపురుగుల ఫొటోలంటే పాణం. నువ్వు గూడ జెర ఇష్టమున్నట్టు ఉండు, సంబంధం ఖాయమైతది" అని సంబంధం తెచ్చిన మొగులమ్మ ఆమె చెవిలో వేసింది. ఇద్దరినీ ఆటోలో ఎక్కించి, రుద్రారం దాటించి ఈ పొదల దగ్గర దింపింది కూడా ఆమే. తాను ఆటో దిగకుండా తీరిగ్గా సీతాఫలం తింటూ గింజలు ఉమ్ముతోంది.

క్లిక్. చూసుకుంటే ఫొటోలో సాలెపురుగుకు పదహారు కాళ్లు వచ్చాయి.

"చెయ్యి కదిలినట్టుంది" అన్నాడు నరేష్ అంత దూరం నుంచే.

"గాలికి గూడు ఊగింది" అంది హర్షిణి. అక్కడ ఆకు కూడా కదలడం లేదు. "పోనీ, మీరే తీయండి."

"నేనా? మీరు తీస్తుంటే చూద్దామనే వచ్చిన."

ఎంత బాగా అన్నాడో అని హర్షిణి పొంగిపోయింది. ఆ ఊపులోనే ఇంకో అడుగు వేసింది. ఊపిరి బిగబట్టి కెమెరాను కంటికి ఆనించింది. ఎనిమిది కాళ్లు, ఒంటిమీద వెండి నూగు, అన్నీ స్పష్టంగా కనిపించాయి. అందంగానే ఉందే అనిపించింది. భయం పోలేదు గానీ, ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చింది.

క్లిక్.

"వచ్చింది. జల్దీ రండి, చూడండి" అంది గంతేసినంత పని చేసి.

నరేష్ మునివేళ్ల మీద వచ్చి కెమెరాలోకి వంగాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద కెమికల్ ట్యాంకర్ ఒకటి దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయింది. ఆ గాలికి గూడు తెగింది. సాలెపురుగు వచ్చి నరేష్ చొక్కా జేబుమీద వాలింది.

కెవ్వుమని కేక. అది హర్షిణిది కాదు, నరేష్‌ది. ఆమెది ఆ తర్వాత వచ్చింది. ఇక పరుగే పరుగు. సాలెపురుగు మధ్యలోనే గడ్డిలోకి జారిపోయినా, ఆటో తగిలేదాకా ఇద్దరూ ఆగలేదు.

"నీకు సాలెపురుగంటే భయమా?" అంది హర్షిణి రొప్పుతూ.

"సచ్చేంత. నీకిష్టమని మొగులమ్మ పెద్దమ్మ చెప్తేనే దోస్తును బతిమాలి కెమెరా తెచ్చిన."

"నాకిష్టమా? నీకు పాణమని నాకు చెప్పింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే, నవ్వు ఆగలేదు. ఆటోకు ఆనుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా పడిపడి నవ్వారు. తర్వాత ఇద్దరికీ ఒక్కసారే కోపం గుర్తొచ్చింది.

"ఏంది పెద్దమ్మ గిట్ల చేస్తివి? ఇద్దరికీ అబద్ధమే చెప్తివా?" అన్నాడు నరేష్.

మొగులమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"మరేం జెయ్యాలె బిడ్డా. పోయినసారి జంటను హోటల్ల కూసోబెట్టిన. బిర్యానీ అయిపోయేదాక ఎవరి ఫోను వాళ్లు సూసుకున్నరు, ఎవరింటికి వాళ్లు పోయిన్రు. ఇగ మీరిద్దరు ఆ పట్టుకున్న చేతులు జెర ఇడిస్తే, ఆటో ఎక్కి పంతులు కాడికి పోదం."